విండోస్‌లో ప్రోగ్రామింగ్: ఏ టూల్ ఎవరికి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ మధ్య వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. విండోస్ మీద ప్రోగ్రాములు రాయడానికి ఏ ఎడిటర్ (కోడ్ రాసేది), ఏ కంపైలర్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది), ఏ డీబగ్గర్ (తప్పు ఎక్కడుందో వెతికేది) అని. ఒకరు అడిగింది ఇంకొకరికీ పనికొస్తుంది కాబట్టి ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు ముక్కల్లో అయిపోతుంది.

ప్రశ్న: విజువల్ స్టూడియో, వీఎస్ కోడ్ రెండూ మైక్రోసాఫ్ట్‌వే. పేర్లు కూడా దాదాపు ఒకటే. నా స్నేహితుల్లో కొందరు వీఎస్ కోడ్ చాలు అంటారు, కొందరు విజువల్ స్టూడియో లేకపోతే పని నేర్చుకోలేవు అంటారు. నేను సీ ప్లస్ ప్లస్ నేర్చుకుంటున్నాను. దేంతో మొదలుపెట్టాలి?

జవాబు: విజువల్ స్టూడియో కమ్యూనిటీతో, అంటే దాని ఉచిత ఎడిషన్‌తో మొదలుపెట్టండి. ఎందుకో చెప్తాను.

పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేర్వేరు. విజువల్ స్టూడియో 1997 నుంచి ఉంది. ఎడిటర్, కంపైలర్, డీబగ్గర్, ప్రొఫైలర్ (ప్రోగ్రామ్ ఎక్కడ నెమ్మదిస్తోందో చూపేది) అన్నీ కలిపి ఒకేసారి ఇస్తుంది, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. మ్యాక్ కోసం అదే పేరుతో ఇంకొకటి ఉండేది గానీ 2024 ఆగస్టుతో దాన్ని ఆపేశారు. వీఎస్ కోడ్‌ని 2015లో ప్రకటించారు, 2016 ఏప్రిల్‌లో 1.0 వచ్చింది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కానీ అది ఎడిటర్. అందులో సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఉండదు. ఈ ఒక్క ముక్క ముందు ఎవరూ చెప్పకపోవడం వల్ల కొత్తవాళ్లు వీఎస్ కోడ్ ఇన్‌స్టాల్ చేసి, నాలుగు లైన్లు రాసి, రన్ నొక్కి, "జీ ప్లస్ ప్లస్ అనే కమాండ్ లేదు" అన్న మెసేజ్ (అది ఒక కంపైలర్ కమాండ్) చూసి, తప్పు తమదే అనుకుని రెండు మూడు రోజులు పాత్ సెట్టింగుల చుట్టూ తిరుగుతారు. ఆ రెండు మూడు రోజులు పాయింటర్ల మీద పెట్టాల్సినవి.

ఇన్‌స్టాలర్ తెరిచినప్పుడు కనిపించే ప్రతి డబ్బాకీ టిక్ పెట్టకండి. "డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సీ ప్లస్ ప్లస్" ఒక్కటి చాలు. దానికే డిస్క్‌లో కొన్ని జీబీలు పోతాయి, అన్నీ పెడితే ఇంకా చాలా పోతాయి. పెట్టాక మొదటి రోజే డీబగ్గర్ వాడటం నేర్చుకోండి. బ్రేక్‌పాయింట్ పెట్టడం, ఒక్కో లైన్ నడుపుతూ వేరియబుల్ విలువ మారడం కళ్లతో చూడటం, కాల్ స్టాక్ (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపే పట్టిక) చదవడం. ఈ విషయంలో విండోస్ మీద దీనికి దీటైనది నాకు కనిపించలేదు. అడ్రెస్ శానిటైజర్ అనే సదుపాయం కూడా ఉంది. ఎరే హద్దు దాటి రాసినా, ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ ముట్టుకున్నా సరిగ్గా ఏ లైన్లోనో పట్టి చూపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి అది పెద్ద అండ.

మీ కంప్యూటర్‌లో ర్యామ్ తక్కువగా ఉంటే మాత్రం వీఎస్ కోడ్ పెట్టుకుని, దాని పక్కన "బిల్డ్ టూల్స్ ఫర్ విజువల్ స్టూడియో" పెట్టుకోండి. అదే కంపైలర్ వస్తుంది, పెద్ద కిటికీ రాదు. పైథాన్, జావాస్క్రిప్ట్ రాసేవాళ్లయితే ఈ చర్చ అవసరమే లేదు, నేరుగా వీఎస్ కోడ్‌కే వెళ్లండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఎడిటర్ గురించి అంత టెన్షన్ వద్దు, దాన్ని వచ్చే నెల మార్చుకోవచ్చు. మార్చడం కష్టమయ్యేవి మూడు: కంపైలర్, రన్‌టైమ్ లైబ్రరీ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకునే కోడ్), ప్రాజెక్ట్ ఫైలు (ఏ ఫైళ్లు ఎలా కంపైల్ చేయాలో రాసి ఉండేది). మీ ప్రోగ్రామ్ చివరికి ఎవరి కంప్యూటర్లో నడవాలి అన్నదాన్ని బట్టి ఆ మూడూ తేలాలి. ప్రాజెక్ట్ ఫైలు సంగతికి నా సలహా సీమేక్, వేర్వేరు కంపైలర్లకి ప్రాజెక్ట్ ఫైళ్లు తయారుచేసే టూల్. విజువల్ స్టూడియో 2017 నుంచి సీమేక్ ఫోల్డర్‌ని నేరుగా తెరుస్తుంది, వీఎస్ కోడ్‌లోనూ తెరుచుకుంటుంది. అలా మొదలుపెడితే రెండు ఎడిటర్ల మధ్య ఎప్పుడైనా అటూ ఇటూ వెళ్లొచ్చు.

ప్రశ్న: నేను రాసేది పైథాన్. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో ఒక ప్యాకేజీ పెట్టబోతే "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 లేదా అంతకంటే కొత్తది కావాలి" అంటోంది. పైథాన్‌కి సీ ప్లస్ ప్లస్ ఎందుకు? అంత పెద్దది దించుకోక తప్పదా?

జవాబు: చాలాసార్లు తప్పుతుంది. ఆ ప్యాకేజీలో కొంత భాగం సీలోనో సీ ప్లస్ ప్లస్‌లోనో రాసి ఉంటుంది. మామూలుగా దాన్ని ముందే కంపైల్ చేసి "వీల్" అనే రూపంలో పెడతారు, పిప్ దాన్ని తెచ్చి పెట్టేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. మీ పైథాన్ వెర్షన్‌కి సరిపోయే వీల్ దొరకకపోతే మాత్రం సోర్స్ తెచ్చి మీ కంప్యూటర్లోనే కంపైల్ చేయబోతుంది. అప్పుడే ఈ మెసేజ్.

కాబట్టి ముందు చూడాల్సింది మీ పైథాన్ వెర్షన్. నిన్నగాక మొన్న వచ్చిన పైథాన్ పెట్టుకుని ఉంటే ప్యాకేజీ వాళ్లు దానికింకా వీల్ తయారుచేసి ఉండరు. ఒక వెర్షన్ వెనక్కి వెళ్లండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. 32 బిట్ పైథాన్ పొరపాటున పడిందేమో కూడా చూడండి. రెండూ కాకపోతే అప్పుడు బిల్డ్ టూల్స్ పెట్టండి, మొత్తం విజువల్ స్టూడియో అక్కర్లేదు. ఇక ఆ 14.0 అంకె చూసి పాత వెర్షన్ కోసం వెతక్కండి. 2015లో వచ్చిన కంపైలర్ 14.0, ఆ తర్వాత 2017, 2019, 2022 అన్నీ 14 వరసలోనే సాగాయి. కొత్తది పెడితే సరిపోతుంది.

ప్రశ్న: మా ప్రోగ్రామ్ మొత్తం మిన్‌జీడబ్ల్యూతో, అంటే విండోస్ కోసం వచ్చే జీసీసీ కంపైలర్‌తో కంపైల్ చేస్తున్నాం, బాగానే ఉంది. ఇప్పుడు ఒక పరికరం తయారీదారు తమ లైబ్రరీ ఇచ్చారు, హెడర్ ఫైళ్లు (ఫంక్షన్ల పేర్లు, వివరాలు ఉండేవి), ఒక లిబ్ ఫైలు, ఒక డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తెరుచుకునే కోడ్ ఫైలు). లింక్ చేస్తుంటే, అంటే కంపైల్ అయిన ముక్కల్ని కలుపుతుంటే వందల కొద్దీ "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" ఎర్రర్లు. ఫంక్షన్లు హెడర్లో కళ్లముందే కనిపిస్తున్నాయి. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: మీ కోడ్‌లో తప్పేమీ లేదు. ఆ లైబ్రరీని మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో, అంటే అందరూ ఎంఎస్‌వీసీ అనేదానితో కట్టి ఉంటారు. పైగా అది సీ ప్లస్ ప్లస్ ఇంటర్‌ఫేస్ అయి ఉంటుంది. ఇబ్బందంతా అక్కడే ఉంది.

సీ ప్లస్ ప్లస్‌లో ఒక ఫంక్షన్ పేరు ఆబ్జెక్ట్ ఫైల్లోకి మీరు రాసినట్టే వెళ్లదు. క్లాసు పేరు, ఆర్గ్యుమెంట్ల టైపులు అన్నీ కలిపి ఒక పొడుగాటి పేరుగా మారిపోతుంది. ఆ మార్చే పద్ధతి ఎంఎస్‌వీసీది వేరు, జీసీసీది వేరు. అందుకే హెడర్లో కనిపిస్తున్న ఫంక్షన్ లింకర్‌కి కనిపించదు. సరే, పేర్లు ఎలాగోలా కలిపామే అనుకుందాం, అయినా లాభం లేదు. వర్చువల్ ఫంక్షన్ల పట్టిక అమరిక, ఎక్సెప్షన్లు విసిరే తీరు, చివరికి స్టాండర్డ్ స్ట్రింగ్ మెమరీలో కూర్చునే పద్ధతి కూడా తేడా. ఒకరు తయారుచేసిన స్ట్రింగ్‌ని ఇంకొకరి చేతికిస్తే ప్రోగ్రామ్ కూలిపోతుంది. అచ్చమైన సీ ఫంక్షన్లకి మాత్రం ఈ బాధ లేదు, అవి ఇటు నుంచి అటు హాయిగా కలుస్తాయి.

మీ ముందు మూడు దారులున్నాయి. తయారీదారుని సీ ఇంటర్‌ఫేస్ ఉందేమో అడగండి, చాలామంది దగ్గర ఉంటుంది, అడిగేదాకా ఇవ్వరు. లేదంటే ఎంఎస్‌వీసీతో ఒక చిన్న డీఎల్ఎల్ కట్టి, లోపల వాళ్ల క్లాసులు వాడుకుంటూ, బయటికి సీ ఫంక్షన్లు మాత్రమే చూపించండి. మీ మిన్‌జీడబ్ల్యూ ప్రోగ్రామ్ ఆ చిన్న డీఎల్ఎల్‌తోనే మాట్లాడుతుంది. మూడోది, మొత్తం ప్రోగ్రామ్‌ని ఎంఎస్‌వీసీకి మార్చడం. ఇలాంటి లైబ్రరీలు ముందు ముందు ఇంకా రాబోతున్నాయని అనిపిస్తే, బాధ అయినా మూడోదే ఇప్పుడే చేసేయండి, ఆలస్యం చేసినకొద్దీ పని పెరుగుతుంది.

జీసీసీలో ఉండే వార్నింగులూ ఆ కమాండ్ తీరూ వదల్లేను అంటే క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ ఉంది. దాని క్లాంగ్-సీఎల్ రూపం ఎంఎస్‌వీసీ పద్ధతులనే పాటిస్తుంది, వాళ్ల లిబ్ ఫైళ్లతో కలుస్తుంది. క్రోమ్ బ్రౌజర్ విండోస్ వెర్షన్‌ని 2018 నుంచి క్లాంగ్‌తోనే కడుతున్నారు, అంటే భరోసా లేని దారేం కాదు.

అలాగని మిన్‌జీడబ్ల్యూ పనికిరానిది అనుకోవద్దు. లినక్స్‌లో పుట్టిన లైబ్రరీలు నాలుగైదు కలిపి వాడాల్సిన ప్రోగ్రామ్ అయితే ఎంసిస్2 (మిన్‌జీడబ్ల్యూనీ లైబ్రరీలనీ కలిపి ఇచ్చేది) పెట్టుకుని దాని ప్యాకేజీ టూల్ ప్యాక్‌మ్యాన్‌తో ఒక్క కమాండ్‌లో అన్నీ తెచ్చుకోవడంలో ఉన్న సుఖం వేరు. కాకపోతే అందులో నాలుగైదు రకాల టెర్మినల్ షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి, ఏది తెరవాలో తెలియక చాలామంది తికమకపడతారు. యూసీఆర్‌టీ64 అని ఉన్నది తెరవండి. ఉత్త ఎంసిస్ అని ఉన్న దాంట్లో కంపైల్ చేస్తే మీ ప్రోగ్రామ్ వాళ్ల ఎంసిస్ డీఎల్ఎల్ లేకుండా ఎక్కడా నడవదు. మిన్‌జీడబ్ల్యూ64 అన్నది పాత ఎంఎస్‌వీసీఆర్‌టీ రన్‌టైమ్ మీద కడుతుంది. యూసీఆర్‌టీ అనే కొత్త రన్‌టైమ్ మాత్రం విండోస్ 10 నుంచి సిస్టమ్‌లోనే భాగం, పైగా యూటీఎఫ్-8 లొకేల్ ఇస్తుంది. మన భాషలో పేరున్న ఫైలుని మామూలు సీ ఫంక్షన్‌తో తెరవాలంటే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకో సంగతి. జీసీసీ మామూలుగా ఇచ్చే డీబగ్ సమాచారం డ్వార్ఫ్ అనే రూపంలో ఉంటుంది. విజువల్ స్టూడియో డీబగ్గర్, మైక్రోసాఫ్ట్‌దే విడి డీబగ్గర్ విన్‌డీబగ్ రెండూ మామూలుగా కోరేది పీడీబీ అనే రూపం. అంటే మిన్‌జీడబ్ల్యూ ప్రోగ్రామ్ క్రాష్ అయితే విన్‌డీబగ్‌లో మీ ఫంక్షన్ల పేర్ల బదులు చాలావరకు ఉత్త అడ్రెస్‌లు కనిపిస్తాయి, మీరు జీసీసీకి జోడైన డీబగ్గర్ జీడీబీతోనే పని కానివ్వాలి. కంపైలర్ ఎంచుకోవడమంటే డీబగ్గర్‌ని కూడా ఎంచుకోవడమే అని ముందే గుర్తుంచుకోండి.

ప్రశ్న: నా ప్రోగ్రామ్ నా దగ్గర చక్కగా నడుస్తోంది. మా అన్నయ్య కంప్యూటర్లో పెడితే "వీసీరన్‌టైమ్140_1 డీఎల్ఎల్ దొరకలేదు" అంటోంది. ఆ డీఎల్ఎల్ విడిగా ఇచ్చే సైట్లు నెట్‌లో ఉన్నాయి. అక్కడ దించుకుని పక్కన పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: వద్దు. దయచేసి ఆ సైట్ల జోలికి వెళ్లకండి, మీ అన్నయ్య గారిని కూడా వెళ్లనివ్వకండి. అక్కడ దొరికే ఫైల్లో ఏముందో మీకు తెలిసే దారి లేదు. మైక్రోసాఫ్ట్ సొంత సైట్లో "విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్" ఉంటుంది, దాన్ని పెడితే ఆ మెసేజ్ పోతుంది. వీసీరన్‌టైమ్140 ఉండి, చివర _1 ఉన్నది మాత్రం లేదంటే ఆ కంప్యూటర్లో పాత రీడిస్ట్రిబ్యూటబుల్ ఉందన్నమాట. ఈ రెండో ఫైలు విజువల్ స్టూడియో 2019తో వచ్చింది.

మీ ప్రోగ్రామ్ చిన్నది, ఒకే ఫైలుగా ఇవ్వాలి అంటే ప్రాజెక్ట్ సెట్టింగుల్లో రన్‌టైమ్ లైబ్రరీని "ఎంటీ"కి మార్చండి, రన్‌టైమ్ లోపలే కలిసిపోతుంది. డీఎల్ఎల్ పేరు చివర "డీ" అక్షరం కనిపిస్తే మీరు డీబగ్ బిల్డ్ ఇచ్చేశారని అర్థం. దాన్ని బయటి వాళ్లకి ఇవ్వకూడదు, రిలీజ్ బిల్డ్ చేసి ఇవ్వండి. మిన్‌జీడబ్ల్యూ వాడేవాళ్లకి ఇదే బాధ వేరే పేర్లతో వస్తుంది, లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్, లిబ్‌జీసీసీ, లిబ్‌విన్‌పీథ్రెడ్ అని. అక్కడ స్టాటిక్ ఆప్షన్ పెడితే పోతుంది.

ఇంతకీ ఏ ప్రోగ్రామ్‌కి ఏ డీఎల్ఎల్‌లు కావాలో చూసే పద్ధతి నేర్చుకోవాలి, అది జీవితాంతం పనికొస్తుంది. విజువల్ స్టూడియోతో వచ్చే డంప్‌బిన్ కమాండ్‌కి డిపెండెంట్స్ ఆప్షన్ ఇస్తే పట్టిక వస్తుంది. బొమ్మలా చూడాలంటే డిపెండెన్సీస్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. చాలా చోట్ల ఇప్పటికీ డిపెండెన్సీ వాకర్ వాడమని రాస్తుంటారు, అది పాతది, విండోస్ 10, 11లో నిజానికి ఇబ్బందేమీ లేని డీఎల్ఎల్‌లని కూడా దొరకలేదని చూపించి భయపెడుతుంది.

ఇవేవీ పట్టుకోలేనప్పుడు, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యాక మధ్యలో ఒక డీఎల్ఎల్‌నో ఫైలునో వెతికి దొరక్క చతికిలబడుతున్నప్పుడు, ప్రాసెస్ మానిటర్ తెరవండి. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఇదొకటి, 2006లో వాళ్ల సంస్థని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. మీ ప్రోగ్రామ్ పేరుతో ఫిల్టర్ పెట్టి, ఫలితం "నేమ్ నాట్ ఫౌండ్" అని ఉన్న వరసలు చూడండి. ఏ ఫైలు కోసం ఏ ఏ ఫోల్డర్లు తట్టిందో వరసగా కనిపిస్తుంది. మొదట్లో లక్షల వరసలు చూసి కంగారు పడతారు, ఫిల్టర్ పెట్టాక అంతా తేటపడుతుంది. విండోస్‌లో పనిచేసే ప్రతి ఒక్కరికీ నేను ముందుగా నేర్పే టూల్ ఇదే.

ప్రశ్న: విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం కదా, ఆఫీసులో కూడా వాడొచ్చా?

జవాబు: ఆఫీసు సైజుని బట్టి ఉంటుంది. మీరు ఒక్కరే సొంతంగా పనిచేస్తుంటే వాడొచ్చు, డబ్బులకి అమ్మే సాఫ్ట్‌వేర్ అయినా సరే. చిన్న సంస్థ అయితే ఐదుగురి దాకా వాడొచ్చు. 250 కంటే ఎక్కువ కంప్యూటర్లో వాడకందారులో ఉన్నా, ఏడాది ఆదాయం పది లక్షల అమెరికా డాలర్లు దాటినా ఆ సంస్థ ఎంటర్‌ప్రైజ్ లెక్కలోకి వస్తుంది. అక్కడ తరగతి గది బోధన, విద్యా పరిశోధన, ఓపెన్ సోర్స్ పనులు లాంటి కొన్నిటికే మినహాయింపు.

వీఎస్ కోడ్ ఎక్కడైనా ఉచితమే, అయితే దాని ఎక్స్‌టెన్షన్ల షరతులు విడిగా చదవాలి. సీ షార్ప్ డెవ్ కిట్‌కి విజువల్ స్టూడియో కమ్యూనిటీ షరతులే వర్తిస్తాయి. మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్‌ని వాళ్ల సొంత ఎడిటర్లలోనే వాడాలి, వీఎస్ కోడ్ సోర్స్ నుంచి వేరేవాళ్లు కట్టిన ఎడిటర్లలో కాదు. అలాంటి ఎడిటర్ వాడేవాళ్లకి క్లాంగ్‌డీ అనే ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్ ఉంది, కోడ్ అర్థం చేసుకోవడంలో అది నాకు ఇంకా బాగా నచ్చింది కూడా.

ప్రశ్న: మా సర్వర్లన్నీ లినక్స్. ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ విండోస్. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2 పెట్టుకున్నాను గానీ ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించేది) ఇన్‌స్టాల్ కొడితే టీ తాగి వచ్చినా అవదు, గిట్ స్టేటస్ కూడా నత్తనడక. డబ్ల్యూఎస్ఎల్ ఇంతేనా?

జవాబు: మీ ప్రాజెక్ట్ ఎక్కడ పెట్టారు? సీ డ్రైవ్‌లోనే ఉంచి, డబ్ల్యూఎస్ఎల్ లోపల నుంచి ఎంఎన్‌టీ ఫోల్డర్ కింద దాన్ని తెరుస్తున్నారని నా అనుమానం. దాదాపు అందరూ అలాగే మొదలుపెడతారు.

2016లో వచ్చిన మొదటి డబ్ల్యూఎస్ఎల్ లినక్స్ సిస్టమ్ కాల్స్‌ని విండోస్ వాటిగా మార్చి నడిపేది. 2020 మేలో విండోస్ 10తో అందరికీ అందిన రెండోది అలా కాదు, ఒక తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో అసలు లినక్స్ కెర్నల్‌నే నడుపుతుంది. దాని సొంత డిస్క్‌లో ఫైళ్లు చాలా వేగంగా తెరుచుకుంటాయి. విండోస్ డ్రైవ్‌లోని ఫైలు కావాలంటే మాత్రం ప్రతిసారీ ఆ గోడ దాటి రావాలి. ఎన్‌పీఎం తెచ్చేవి వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు కాబట్టి ఆ ఆలస్యమంతా కూడిపోతుంది. ప్రాజెక్ట్‌ని లినక్స్ లోపలి హోమ్ ఫోల్డర్‌లోకి గిట్‌తో మళ్లీ క్లోన్ చేసుకోండి. కాపీ కొట్టకండి, క్లోనే చేయండి, ఎందుకంటే విండోస్ గిట్ దించిన ఫైళ్లలో లైన్ చివరలు విండోస్ పద్ధతిలో మారిపోయి ఉండొచ్చు, అప్పుడు షెల్ స్క్రిప్టులు అర్థంకాని ఎర్రర్లు ఇస్తాయి. వీఎస్ కోడ్‌లో డబ్ల్యూఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే కిటికీ విండోస్‌లో, పనంతా లినక్స్‌లో జరుగుతుంది.

మెమరీ ఎక్కువ తింటోంది అనిపిస్తే మీ యూజర్ ఫోల్డర్‌లో డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైలు పెట్టి హద్దు రాయొచ్చు. దాని డిస్క్ ఫైలు పెరగడమే గానీ మామూలుగా దానంతట అది తగ్గదు, లోపల చెరిపేసినా సీ డ్రైవ్‌లో చోటు తిరిగి రాకపోతే కారణం అదే.

విండోస్ కోసమే రాసేవాళ్లు మాత్రం డబ్ల్యూఎస్ఎల్‌లో కూర్చోవద్దు, బిల్డ్ నెమ్మదిగా ఉంటే విండోస్ 11లోని డెవ్ డ్రైవ్ అనే ప్రత్యేక డ్రైవ్ చూడండి. కనీసం 50 జీబీ కేటాయించాలి. దాని మీద విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ఫైలుని తెరవకముందు కాదు, తెరిచాక స్కాన్ చేస్తుంది, వేలాది ఫైళ్లున్న బిల్డ్‌లకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ దించి పెట్టే టూల్స్: విన్‌గెట్, చాకొలెటీ, స్కూప్. ఏది?

జవాబు: విన్‌గెట్. విండోస్ 11లో ముందే ఉంటుంది, మీరు పెట్టుకున్నవాటి పట్టికని ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త కంప్యూటర్లో అన్నీ ఒకేసారి దించుకోవచ్చు. అడ్మిన్ హక్కులు లేని కంప్యూటర్ అయితే స్కూప్, అది మీ యూజర్ ఫోల్డర్‌లోనే అన్నీ పెడుతుంది.

ప్రశ్న: ఒక సంస్థకి బిల్లులు, సరుకు లెక్కలు చూసే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ రాయాలి. నాకు సీ షార్ప్ వచ్చు. స్క్రీన్లు, బటన్లు తయారుచేయడానికి విన్‌ఫార్మ్స్ పాతబడిపోయింది, విన్‌యూఐ 3 నేర్చుకో అంటున్నారు. నిజమేనా?

జవాబు: పాతదే. సీ షార్ప్ ప్రోగ్రాములు నడిచే వేదిక డాట్‌నెట్ మొదటి వెర్షన్‌తో 2002లో వచ్చింది. అయితే ఏంటి? 2018 డిసెంబర్‌లో దాన్నీ, అలాంటిదే ఇంకొకటైన డబ్ల్యూపీఎఫ్‌నీ ఓపెన్ సోర్స్ చేశారు, 2019లో డాట్‌నెట్ కోర్ 3.0తో కొత్త డాట్‌నెట్‌లోకి తెచ్చారు, ఇప్పటికీ ప్రతి కొత్త వెర్షన్‌తో పాటు వస్తున్నాయి. మీరు చెప్పిన పనికి కావాల్సింది పెట్టెలు, పట్టికలు, ప్రింట్. విన్‌ఫార్మ్స్‌లో డిజైనర్ తెరిచి లాగి పెట్టేస్తే సాయంత్రానికి మొదటి స్క్రీన్ చూపించొచ్చు. స్క్రీన్లు ఎక్కువై, ఒకే సమాచారం నాలుగు చోట్ల కనిపించి ఒకేసారి మారాల్సి వస్తే 2006 నాటి డబ్ల్యూపీఎఫ్‌కి వెళ్లండి, అందులోని డేటా బైండింగ్ ఆ కష్టం తీర్చడానికే ఉంది.

విన్‌యూఐ 3 చూడటానికి బాగుంటుంది, 2021 నవంబర్‌లో విండోస్ యాప్ ఎస్‌డీకే 1.0తో స్థిరపడింది. కానీ దానికి లాగి పెట్టే డిజైనర్ లేదు, పట్టికల లాంటి కంట్రోల్స్ దగ్గర కూడా వెతుకులాట తప్పదు. కొత్తది అన్న ఒక్క కారణంతో దాని మీదికి వెళ్లొద్దు. వెబ్ పేజీల పద్ధతిలో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కట్టే ఎలక్ట్రాన్ అయితే ప్రతి ప్రోగ్రామ్‌తోపాటు ఒక మొత్తం క్రోమియం బ్రౌజర్‌ని మోసుకెళ్తుంది. అలాంటిదే అయిన టౌరీ సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూ2ని వాడుకుంటుంది కాబట్టి చిన్నదిగా ఉంటుంది గానీ వెనక వైపు రస్ట్ రాయాలి. సీ షార్ప్ వచ్చిన మీకు ఆ రెండూ చుట్టుదారి.

ఒక్కటి ముందే తేల్చుకోండి. డాట్‌నెట్ వెర్షన్లకి గడువుంటుంది, ఎక్కువకాలం మద్దతు ఉండేవాటికి కూడా మూడేళ్లే. 2023 నవంబర్‌లో వచ్చిన డాట్‌నెట్ 8కి 2026 నవంబర్‌తో అయిపోతుంది. ఇచ్చాక మళ్లీ ఎప్పుడో గానీ వాళ్ల దగ్గరికి వెళ్లలేను అనుకుంటే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద కట్టండి, అది విండోస్‌తోపాటే ఉంటుంది. కొత్త సదుపాయాలు రావు, కానీ నడుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: మా ప్రోగ్రామ్ ఒక కస్టమర్ దగ్గర రోజుకోసారి క్రాష్ అవుతోంది. మా దగ్గర ఎన్ని చేసినా అవ్వడం లేదు. వాళ్ల కంప్యూటర్లో విజువల్ స్టూడియో పెట్టనివ్వరు. ఎలా పట్టుకోవాలి?

జవాబు: పెట్టక్కర్లేదు. విండోస్‌కే ఆ పని అప్పజెప్పొచ్చు. రిజిస్ట్రీలో విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ కింద లోకల్‌డంప్స్ అనే కీ తయారుచేసి, అందులో మీ ప్రోగ్రామ్ ఫైలు పేరుతో ఒక కీ పెట్టి, డంప్‌టైప్ విలువ 2 అని రాయించండి. ఇకమీదట క్రాష్ అయిన ప్రతిసారీ ఆ క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ మొత్తం ఒక ఫైల్లోకి వెళ్తుంది, దాన్నే డంప్ అంటారు. మీరు చోటు చెప్పకపోతే యూజర్ లోకల్ యాప్‌డేటా కింద క్రాష్‌డంప్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్ క్రాష్ కాకుండా బిగుసుకుపోతుంటే టాస్క్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి డంప్ తీసుకోవచ్చు. ఆ ఫైల్లో కస్టమర్ సమాచారం కూడా ఉండే వీలుంది కాబట్టి ముందు వాళ్ల అనుమతి అడిగి తెచ్చుకోండి.

తెచ్చాక విజువల్ స్టూడియోలో తెరిచినా సరే, విన్‌డీబగ్‌లో తెరిచినా సరే. నేనైతే విన్‌డీబగ్‌లో తెరిచి ఎనలైజ్ కమాండ్ కొడతాను. ఏ థ్రెడ్, ఏ మాడ్యూల్, ఏ ఎక్సెప్షన్ అన్నది చాలావరకు అదే చెప్పేస్తుంది. మెమరీ ఎవరో ముందే పాడుచేసి, ప్రోగ్రామ్ మాత్రం తర్వాతెప్పుడో కూలుతున్నట్టు అనిపిస్తే విన్‌డీబగ్‌లోనే టైమ్ ట్రావెల్ డీబగ్గింగ్ ఉంది. ప్రోగ్రామ్ నడకంతా రికార్డు చేసి, కూలిన చోటు నుంచి వెనక్కి నడుస్తూ ఆ మెమరీలో చివరగా ఎవరు రాశారో పట్టుకోవచ్చు. రికార్డు చేస్తున్నప్పుడు ప్రోగ్రామ్ బాగా నెమ్మదిస్తుంది, ఫైలు కూడా పెద్దదవుతుంది, అందుకే డంప్ చదివి అనుమానం ఒక దారికి వచ్చాకే దీనికి వెళ్లండి.

వీటన్నిటికీ ఒక షరతుంది. కస్టమర్‌కి ఇచ్చిన సరిగ్గా అదే బిల్డ్‌తో పుట్టిన పీడీబీ ఫైలు మీ దగ్గర ఉండాలి. అదే కోడ్‌ని మళ్లీ కంపైల్ చేసి తెచ్చిన పీడీబీని డీబగ్గర్ ఒప్పుకోదు, ప్రతి బిల్డ్‌కీ ఒక గుర్తు వేరుగా ఉంటుంది. ఇప్పటిదాకా దాచకపోతే ఈ క్రాష్‌ని పట్టుకోవడానికి ముందుగా కొత్త బిల్డ్ ఒకటి చేసి, దాని ఈఎక్స్ఈ, డీఎల్ఎల్, పీడీబీలన్నీ వెర్షన్ పేరుతో ఒక ఫోల్డర్‌లో భద్రం చేసి, ఆ బిల్డ్‌నే కస్టమర్ దగ్గర పెట్టించి, అప్పుడు డంప్ కోసం చూడండి. డంప్ వచ్చాక కూడా చిక్కు వీడకపోతే కాల్ స్టాక్ నాకు రాసి పంపండి, వచ్చేసారి చూద్దాం.